గురువుగారి బోర్డు, నా కంప్యూటరు

హైదరాబాదు కృష్ణానగర్‌లో నేను పని నేర్చుకున్న స్టూడియోలో, పాటలోని గొంతులూ వాయిద్యాలూ కలిపే మిక్సింగ్ బోర్డు దాదాపు గది వెడల్పంతా ఉండేది. 24 చానెళ్ళది, అంటే 24 సౌండ్లు విడివిడిగా తీసుకునేది, ఇంగ్లండు తయారీ. బొంబాయిలో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేస్తే మా ఓనరు లారీలో వేయించి తెప్పించాడు. 1990ల చివరి రోజులవి. అయ్యప్ప కేసెట్లు, బతుకమ్మ పాటలు, శివరాత్రి భజనలు, జానపదాలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు, అన్నీ ఆ బోర్డు మీంచే వెళ్ళేవి. ఇప్పుడు నా పనంతా కంప్యూటర్లోనే జరుగుతోంది. ఒక మౌసు, ఎనిమిది ఫేడర్లు (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉన్న చిన్న పెట్టె, రెండు స్పీకర్లు, అంతే. అయినా ఎవరైనా పాత బోర్డుల సౌండ్ గురించి మాట్లాడుతుంటే ఆగి వింటాను. దాన్ని ఆకాశానికెత్తేవాళ్ళూ, అదంతా భ్రమని కొట్టిపారేసేవాళ్ళూ ఇద్దరూ కూడా నా చెవులు విన్నది చెప్పడం లేదనిపిస్తుంది. అందుకే గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

పొద్దున్నే వెళ్ళగానే ముందు ఏసీ, తర్వాత బోర్డు పవర్ సప్లై వెయ్యాలి. ఆ సప్లై బోర్డులోపల ఉండదు, పక్కన విడిగా ఇనప పెట్టె, మధ్యాహ్నానికి దానిమీద చెయ్యి ఆనించలేం. అరగంట వేడెక్కితే గానీ గురువుగారు ఫేడర్ ముట్టుకునేవారు కాదు. ఎండాకాలంలో స్పీకర్లలో హమ్ పెరిగేది. స్టూడియో వెనక ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి ఉండేది, దానికి బిందెతో నీళ్ళు పోసి రావడం నా డ్యూటీ. మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగా అందదు, 50 హెర్ట్జ్ గుర్రు పాటలోకి వచ్చేస్తుంది. నీళ్ళు పోసి, కాసేపాగి, వాయిస్ మైకు తెరిచి వింటే నిజంగానే తగ్గేది. నాకు కరెంటు గురించి అర్థమైన మొదటి పాఠం అదే, పుస్తకంలో చదివింది కాదు.

దుమ్ము ఇంకో గొడవ. ఫేడర్ కదిపితే కరకరమని చప్పుడు, నాబ్ తిప్పితే ఎడమ వైపు సౌండ్ పోయి మళ్ళీ రావడం. వారం వారం స్ప్రే కొట్టి అన్నిటినీ అటూ ఇటూ తిప్పి పెట్టేవాళ్ళం. ఫేడర్ల కింద తెల్ల మాస్కింగ్ టేపు పొడుగ్గా అతికించి దానిమీద పేర్లు రాసేది కూడా నేనే. డప్పు 1, డప్పు 2, డోలక్, తబలా, సన్నాయి, కోరస్ ఎడమ, కోరస్ కుడి, చివర్లో ఎర్ర పెన్నుతో వాయిస్. పాట అయిపోతే టేపు పీకేసి కొత్తది వెయ్యాలి.

గురువుగారు కృష్ణా జిల్లా నుంచి మద్రాసు వెళ్ళి, అక్కడి రికార్డింగ్ థియేటర్లలో అసిస్టెంటుగా ఎదిగిన మనిషి. సినిమా పని మెల్లగా హైదరాబాదుకి కదిలాక ఆయనా వచ్చేశారు. ఆయన నేర్చుకున్న రోజుల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ ఒకేసారి, ఒకే టేకులో. ట్రాకులు విడివిడిగా లేవు కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మైకు ఎంత దూరంలో ఉంది అన్నదే మిక్సింగు. ఫ్లూటు ఎక్కువైందంటే ఫ్లూటాయన కుర్చీ ఒక అడుగు వెనక్కి జరిపించేవారట. ఆ అలవాటు మా స్టూడియోలోనూ పోలేదు. నేను ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించేది) నాబ్ మీద చెయ్యి వేస్తే "ముందు లోపలికెళ్ళి ఆ డప్పు దగ్గర నిలబడి విని రారా, తర్వాత తిప్పుదువుగాని" అనేవారు. వెళ్ళి వినేవాణ్ణి. చాలాసార్లు నాబ్ తిప్పే అవసరమే ఉండేది కాదు, మైకు జానెడు పక్కకి జరిపితే సరిపోయేది.

రికార్డు చేసేది ఏడాట్ మెషీన్ల మీద. 1990ల మొదట్లో వచ్చిన మెషీన్లవి, ఎస్-వీహెచ్‌ఎస్ వీడియో కేసెట్ మీద 8 ట్రాకుల డిజిటల్ ఆడియో రాసేవి, రెండు గంటల కేసెట్‌లో 40 నిమిషాలు పట్టేది. మాకు మూడు ఉండేవి, మూడూ కలిపి 24 ట్రాకులు. ఇక్కడో సంగతి చాలామంది మర్చిపోతారు. మేం "అనలాగ్ రోజులు", అంటే సౌండ్ అంకెలుగా మారకుండా కరెంటుగానే నడిచిన రోజులు, అనుకునే కాలంలో మా రికార్డింగ్ అప్పటికే డిజిటల్, అదీ 16 బిట్, అంటే సౌండ్‌ని కొలిచే మెట్లు ఇప్పటి 24 బిట్ కంటే తక్కువ. మిక్సు మాత్రం బోర్డు మీద చేసి మళ్ళీ డాట్ అనే చిన్న డిజిటల్ టేపు మీదికి, అంటే ఇంకోసారి డిజిటల్‌లోకి దింపేవాళ్ళం. అనలాగ్‌గా రాసే స్పూల్ టేపు మా గదిలోకి ఏనాడూ రాలేదు. కాబట్టి మా కేసెట్లలో జనానికి నచ్చిన ఆ నిండైన సౌండ్‌కి టేపు కారణం అనడానికి వీల్లేదు.

24 అంటే అప్పుడు బోలెడు అనిపించేది, కానీ బతుకమ్మ పాటకి కోరస్‌లో పదిమంది అమ్మాయిలు, వాళ్ళ చేత ఒకటికి రెండుసార్లు పాడించి మందం తెచ్చేవాళ్ళం. అవన్నీ ఉంచితే వాయిద్యాలకి చోటుండదు. అందుకని కోరసంతా అక్కడికక్కడే రెండు ట్రాకుల్లోకి కలిపేసి, పాతవాటి మీద సన్నాయో వేణువో రికార్డు చేసేవాళ్ళం. ఒకసారి కలిపాక విడదీయడం కుదరదు. ఎవరి గొంతు ముందుకి రావాలి, ఎవరిది వెనక ఉండాలి అన్నది ఆ అమ్మాయిలు ఇంకా గ్లాసు అద్దం అవతల నిలబడి ఉండగానే తేలిపోవాలి. గురువుగారు ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు కళ్ళు మూసుకునేవారు, గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

మిక్సు రోజు సంగతి చెప్పకపోతే ఈ రాత మొత్తం దండగ. సొమ్మున్న పెద్ద స్టూడియోల్లో ఎస్‌ఎస్‌ఎల్ 4000 లాంటి కన్సోళ్ళు, అంటే పెద్ద బోర్డులు, ఉండేవి. ఫేడర్ల కదలికల్ని కంప్యూటర్ గుర్తుపెట్టుకునేది, నాబ్‌లు ఎక్కడున్నాయో స్క్రీన్ మీద చూపిస్తే మనిషి వాటిని చేత్తో మళ్ళీ అక్కడికి తిప్పాలి. మాకు అదేమీ లేదు. చేతులే. గురువుగారి ఎడమ చెయ్యి వాయిస్ మీద, కుడి చెయ్యి కోరస్ మీద. నా ఒక చెయ్యి రిథమ్ మీద, ఇంకో చెయ్యి ఎకోకి వెళ్ళే ఆక్స్ నాబ్ మీద. పల్లవి చివరి మాట దగ్గర ఆ నాబ్ గబుక్కున పెంచి, ఆ మాట ఎకోలోకి వెళ్ళగానే మళ్ళీ దించెయ్యాలి, ఒక్క అక్షరం ఆలస్యమైతే తర్వాతి లైను కూడా ఎకోలో మునిగిపోతుంది. పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఆ ఐదు నిమిషాలు ఇద్దరం ఊపిరి బిగబట్టి వాయించేవాళ్ళం. వాయించడం అనే అంటాను. పాట వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ. పదిసార్లు రిహార్సల్ చేసి, చెయ్యి అలవాటయ్యాక డాట్ ఆన్ చేసేవారు.

నచ్చిన టేక్ దొరికాక కూడా బోర్డు చెరిపేయడానికి లేదు. మామూలు మిక్సు, వాయిస్ కొంచెం పెంచిన మిక్సు, వాయిస్ లేకుండా ఉత్త ట్రాక్, మూడూ అప్పుడే దింపుకోవాలి. ఎందుకంటే సాయంత్రం పాట చేయించుకునే ఇంకో పార్టీ వస్తుంది, నాబ్‌లన్నీ సున్నాకి వెళ్ళిపోతాయి. వారం తర్వాత కేసెట్ కంపెనీ ఆయన వచ్చి "గొంతు వినపడట్లేదండీ, గుళ్ళో మైకులో పెడితే మాటలు తెలియాలి కదా" అంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నాబ్‌ల స్థానాలు కాగితం మీద బొమ్మలు గీసి రాసుకునేవాణ్ణి, గడియారం ముల్లు లెక్కలో, పది గంటలు, రెండు గంటలు అని. దాన్ని చూసి మళ్ళీ పెడితే దగ్గరికి వచ్చేది కానీ అదే రాదు. నాబ్ వెంట్రుకవాసి తేడా వచ్చినా వినిపిస్తుంది.

గుడి మైకు మాట నిజమే. మా మిక్సులు ఎక్కువగా వినబడేది హార్న్ స్పీకర్లలో, ఆటోల్లో, చిన్న టేప్‌రికార్డర్లలో. హార్న్‌లో కింది బేస్ అసలు పలకదు. అందుకని డప్పుకి బేస్ ఎంత పెంచినా లాభం లేదు, కర్ర తగిలే చప్పుడు తెలియాలి. యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్లలో బ్యాలెన్స్ చూసుకుని, చివర్లో బోర్డు మీద మోనో బటన్ నొక్కి, చిన్న స్పీకర్లో చాలా తగ్గించి వినేవారు. మాటలు తెలిస్తే ఓకే.

ఇక బోర్డు లోపల సౌండ్‌కి ఏమవుతుందన్నది. ప్రతి చానెల్ నుంచి వచ్చే వోల్టేజి ఒక్కో రెసిస్టర్ గుండా బస్ అనే ఉమ్మడి తీగలోకి వెళ్ళి అక్కడ కలుస్తుంది, పిల్లకాలవలన్నీ ఒక పెద్ద కాలవలో పడ్డట్టు. ఆ కలిసినదాన్ని ఒక యాంప్లిఫయర్ మళ్ళీ పైకి లేపుతుంది. నీళ్ళతోపాటు బురదా కలుస్తుంది. ఒక్క చానెల్ హిస్ (సన్నగా సుయ్‌మనే చప్పుడు) వినపడదు కానీ 24 తెరిచి పెడితే ఆ హిస్ సుమారు 14 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) పెరుగుతుంది. వాడని చానెల్ మ్యూట్ చెయ్యకపోతే గురువుగారు ఊరుకోకపోవడానికి కారణం ఇదే. పక్క చానెల్ సౌండ్ కొద్దికొద్దిగా ఈ చానెల్‌లోకి కారుతుంది. ఎడమా కుడీ సర్క్యూట్లు అచ్చంగా ఒకేలా ఉండవు. కాస్త గట్టిగా తోస్తే కొత్త హార్మోనిక్స్, అంటే అసలు సౌండ్‌లో లేని పై స్వరాలు, పుడతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ల గురించి కూడా చెప్పాలి. 1970లో వచ్చిన నీవ్ 1073 లాంటి పాత బోర్డు చానెళ్ళలో సిగ్నల్ లోపలికి వచ్చేచోటా బయటికి వెళ్ళేచోటా ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. ఇనప కోర్ ముందు అలసిపోయేది బేస్ దగ్గరే, అందుకే వాటిలో కింది స్వరాలు బొద్దుగా వినిపిస్తాయి. అది నిజమైన తేడా, విన్నాను, ఒప్పుకుంటాను. కానీ మా బోర్డులో ట్రాన్స్‌ఫార్మర్లే లేవు, 1990ల మధ్యరకం బోర్డులు చాలావాటిలో లేవు, అన్నీ చిన్న చిన్న ఐసీ చిప్పులు. "అనలాగ్ బోర్డు" అని ఒకే గాటన కట్టి ఆ పెద్ద కన్సోళ్ళ గుణాలన్నీ ప్రతిదానికీ అంటగట్టడం నాకు ససేమిరా నచ్చదు. అలాగని మా బోర్డుకి సౌండ్ లేదనలేను, ఉంది. దాని ఈక్యూ వెడల్పుగా, మెత్తగా ఉండేది. మూడు నాబ్‌లతో ఎంత కుదిరితే అంత. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో సూది మొనంత సన్నగా కోసే ఈక్యూ ఉంది కాబట్టి పిల్లలు ఒక గొంతులో పది చోట్ల కోస్తున్నారు, చివరికి ఆ గొంతులో ఆ మనిషి మిగలడం లేదు.

కంప్యూటర్ మా స్టూడియోకి 2000 దాటాక వచ్చింది. మొదట ఎడిటింగ్ కోసమే. తర్వాత మిక్సు కూడా అందులోనే చేద్దామన్నాడు ఓనరు, ఏసీ బిల్లు తగ్గుతుందని. నాకు సేవ్ బటన్ చూసి కలిగిన ఆనందం చెప్పలేను. పార్టీ ఆయన నెల తర్వాత వచ్చి గొంతు పెంచమంటే ఫైల్ తెరిచి పెంచడమే! మిగతాదంతా ఉన్నదున్నట్టు. ఆటోమేషన్ ఉంది, కదలికలన్నీ అదే గుర్తుపెట్టుకుంటుంది, ఎకో నాబ్ మీద చెయ్యి వణకక్కర్లేదు. ఆ సుఖాన్ని నేను ఈ రోజుక్కూడా తక్కువ చెయ్యను. పాడేవాళ్ళు డాలస్‌లో ఉండి అక్కడి నుంచే ట్రాక్ పంపిస్తే ఇక్కడ నేను కలుపుతున్నానంటే అది బోర్డుతో అయ్యే పని కాదు.

కానీ తొలి రోజుల్లో మేం కంప్యూటర్లో చేసిన మిక్సులు గట్టిగా, బల్లపరుపుగా వచ్చాయి. అందరూ సాఫ్ట్‌వేర్ సౌండే అంత అన్నారు. అసలు కారణం లెవెల్స్‌లో ఉంది. బోర్డు మీద వీయూ మీటర్లో 0 అంటే 1.23 వోల్టులు, దాని పైన ఇంకో 16, 18 డీబీ దాకా చోటుంటుంది, మీటర్ ముల్లు 0 దగ్గర ఊగుతుంటే హాయిగా ఉన్నామని అర్థం. డిజిటల్‌లో 0 అంటే పైకప్పు, దాని పైన ఏమీ లేదు. ఏడాట్ 16 బిట్ కాబట్టి అడుగున నాయిస్ తగలకుండా పైకప్పు దాకా నింపి రికార్డు చెయ్యడం అందరికీ అలవాటైంది. 24 బిట్ వచ్చాక ఆ అవసరం లేదు, కింద 144 డీబీ లోతు ఉంది, అయినా చేతులు మానలేదు. పది గట్టి ట్రాకులు కలిస్తే మాస్టర్ దగ్గర, అంటే అన్నీ కలిసి బయటికెళ్ళే చోట, నెత్తి తగులుతుంది. తర్వాత్తర్వాత 18 డీబీ కిందికి దించి, పాత 0 వీయూ అక్కడే ఉందనుకుని పనిచెయ్యడం మొదలుపెట్టాక మిక్సులకి గాలి ఆడింది. సాఫ్ట్‌వేర్ మార్చలేదు, ప్లగిన్ కొనలేదు.

ఈ సాఫ్ట్‌వేర్ సౌండ్ బాగుంటుంది, ఆ సాఫ్ట్‌వేర్ సౌండ్ పలచన అనే వాదన కూడా అప్పట్లో గట్టిగా నడిచేది. ఒకే పాటని రెండిట్లో తెరిచి వింటే తేడా ఉన్న మాట వాస్తవం. ఎడమ, కుడి స్పీకర్ల మధ్యలో ఉన్న సౌండ్‌ని ఎంత తగ్గించాలన్న లెక్క ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. ప్రో టూల్స్‌లో చాలాకాలం అది 2.5 డీబీ, క్యూబేస్ మామూలుగా 3. ఆ అర డీబీతో గొంతు ఒకచోట ముందుకొచ్చినట్టు, ఇంకోచోట కోరస్ విప్పారినట్టు అనిపిస్తుంది. రెండూ ఒకే లెక్కకి తెచ్చి, ఒకదాని అలల్ని తలకిందులు చేసి ఇంకోదానితో కలిపితే ఏమీ మిగలదు, నిశ్శబ్దం. కంప్యూటర్ చేసేది కూడికే కదా, కూడికలో తేడా ఎందుకొస్తుంది.

బోర్డుని అమ్మేసే ముందు నేను అడిగి కొన్ని రోజులు దానితో ఒంటరిగా గడిపాను. కంప్యూటర్లో పూర్తయిన మిక్సుని ఎనిమిది ముక్కలుగా బయటికి తీసి, బోర్డు మీద ఫేడర్లన్నీ ఒకే గీత మీద పెట్టి, ఈక్యూ ముట్టుకోకుండా, కలిపి మళ్ళీ రికార్డు చేశాను. రెండిటి లెవెల్ టోన్ పెట్టి సరిచేశాను, ఎందుకంటే అర డీబీ గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. తబలా వాయించే మిత్రుడొకడు ఏది ఏదో చెప్పకుండా మారుస్తుంటే విన్నాను. మామూలు లెవెల్లో పోల్చుకోలేకపోయాను. వాడూ పోల్చుకోలేదు. బోర్డుని బాగా తోసి, మీటర్లు ఎర్రబడేదాకా పంపినప్పుడు మాత్రం తెలిసింది, డప్పు దెబ్బ మొన కొంచెం గుండ్రబడింది, కోరస్ గొంతులు దగ్గరికొచ్చాయి. బాగుంది. కానీ మా కేసెట్లలో జనం ఇష్టపడ్డ సౌండ్ అంతమాత్రం కాదు. ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఈమధ్యే దొరికింది. పాత ఏడాట్ కేసెట్లు కొన్ని నా దగ్గరికి వచ్చాయి, వాటిలో మేం మిక్స్ చేసిన ఒక బతుకమ్మ ఆల్బం ఉంది, దాని డాట్ మిక్సు కూడా. సరిగ్గా నడిచే మెషీన్ ఒక్కటే మిగిలింది కాబట్టి మూడు కేసెట్లనీ విడివిడిగా దించి కంప్యూటర్లో వరస కలిపాను. పాడినావిడ హెడ్‌ఫోన్స్‌లోంచి డోలక్ చప్పుడు వాయిస్ మైకులోకి సన్నగా పడింది, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని జతచేశాను. తర్వాత అదే బ్యాలెన్స్, అదే ఈక్యూ, దగ్గర దగ్గర అదే ఎకో పెట్టి, గురువుగారి మిక్సు పక్కన పెట్టి విన్నాను. నాది శుభ్రంగా ఉంది. ఆయనది పాటలా ఉంది.

అప్పుడు లైను లైనుకీ కొలిచాను. ఆయన మిక్సులో గొంతు ఒక్కచోట కూడా నిలకడగా లేదు. ప్రతి లైను మొదట్లో ఒక డీబీ పైకి, దీర్ఘం దగ్గర మెల్లగా కిందికి, ఆవిడ ఊపిరి తీసుకునే సందులో సన్నాయి పైకొచ్చి మళ్ళీ తప్పుకుంటుంది. కోరస్ "ఉయ్యాలో" అన్న ప్రతిసారీ డప్పు పిసరంత తగ్గుతుంది, అది నా చెయ్యి, గురువుగారి మోచెయ్యి తగిలినప్పుడల్లా నేను దించిన ఫేడర్. రెండో చరణం నుంచి పాట మొత్తం అడుగడుక్కీ పెరుగుతూ చివరికి వచ్చేసరికి 2 డీబీ పైన ఉంది. ఎవరూ గీసిన గీత కాదది. వింటూ, చేతితో పాటని మోసుకెళ్ళారు. ఆయన ముందు స్క్రీన్ లేదు, తర్వాతి లైను ఎక్కడ మొదలవుతుందో తెరమీద కనపడదు, పాట తెలిసుండాలి. ఆయనకి ఆ పాటలోని ప్రతి పదమూ కంఠతా వచ్చు, మిక్సు చేసే ముందు రోజు సాహిత్యం కాగితం ఇంటికి తీసుకెళ్ళేవారు.

దీన్ని కంప్యూటర్లో చెయ్యలేమా అంటే చెయ్యొచ్చు, నేను ఇప్పుడు చేస్తున్నది అదే. ట్రాకులు ఎన్ని వచ్చినా ముందు కలిపేసి 24కి దించుతాను. కోరస్ రెండే. స్క్రీన్ ఆపేసి, ఆ చిన్న పెట్టె మీద వాయిస్ ఫేడర్ చేత్తో నడుపుతూ పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో రాస్తాను. బాగా రాకపోతే మధ్యలో అతుకు వెయ్యను, మళ్ళీ మొదటి నుంచి. సేవ్ బటన్ ఉంది కాబట్టి పార్టీ వాళ్ళ కోరికలకి భయం లేదు. దగ్గర కూర్చుని రెండో జత చేతులు కలిపే మనిషి మాత్రం లేడు, మా దగ్గర పనిచేసే కుర్రాడికి ఇప్పుడు రిథమ్ అప్పగించాను, వాడికింకా పాట మధ్యలో తెర వైపు చూసే అలవాటు పోలేదు. గురువుగారి చేతుల్లో పడివుంటే ఈపాటికి పోయేది.

ఆ ఆల్బంలో ఇంకా కొన్ని పాటలు దించాల్సి ఉంది. మెషీన్ హెడ్ అరిగిపోతోంది, రెండు కేసెట్లకి బూజు పట్టింది. దసరాలోపు దించేస్తే పాడినావిడకి పంపిద్దామని ఉంది, ఆవిడ దగ్గర ఆ కేసెట్ ఒక్క కాపీ కూడా లేదట.